లేసు పెరగని మధ్యాహ్నాలు

చేతిపని మనసుకు మందులాంటిదని మా అమ్మకు మొదట చెప్పినవారు ముగ్గురు: ఆసుపత్రి డాక్టరు, మా నాన్న, పక్క బ్లాకులో ఉండే నర్సు ఆంటీ. అమ్మ చప్పుడు లేకుండా ఒకచోట కూర్చోవడంలో ఆ ముగ్గురికీ ఏదో ఒక సౌకర్యం ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఏ మాటైనా వినగానే అది ఎవరికి లాభమో ముందు చూడమని మా కాలేజీలో డిబేట్ నేర్పిన అధ్యాపకులు చెప్పేవారు. ఆ సూత్రాన్ని నేను వేదిక మీద ఎంత వాడానో తెలియదు గాని, ఇంట్లో మాత్రం మితిమీరి వాడాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఎనభైల మొదటి సంవత్సరాలు.

భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో మాది సెక్టర్ 4. నాన్న రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. ఒక వారం తెల్లవారి ఆరింటికి, ఒక వారం మధ్యాహ్నం రెండింటికి, ఒక వారం రాత్రి పదింటికి ఆయన డ్యూటీ మారుతూ ఉండేది. మూడోదాన్ని సి షిఫ్టు అనేవారు. ఆ వారమంతా ఆయన పొద్దున్నే వచ్చి, తిని, మూడు దాటేవరకూ నిద్రపోవాలి. మా బ్లాకులో ఆ వారం ఎవరి ఇంట్లో మగమనిషి పగలు పడుకుంటే ఆ ఇంటి గేటుకు ఒక గుడ్డపేలిక కట్టేవారు. అది చూసి కూరలబండి వాడు కేక వేయకుండా ముందుకు సాగిపోయేవాడు, పిల్లలు పక్క సందులోకి వెళ్లి ఆడుకునేవారు.

గేటు బయట పేలిక చాలు. గేటు లోపల మాత్రం ఆ పని అమ్మది. తలుపు గడియకు ఆవిడ పాత చీరముక్క చుట్టేది. కుక్కరు కూత పెట్టబోయే క్షణాన్ని పసిగట్టి దించేసేది. అంట్లగిన్నెలు ఒకదానికొకటి తగలకుండా నీళ్లలో ముంచి, నీళ్లలోనే తోమేది. నేను ఏదైనా అడిగితే చేత్తోనే జవాబు చెప్పేది. ఇది అన్యాయమని నేను ఏనాడూ అనుకోలేదు. నాన్న నడిపే క్రేను ఎర్రగా కాలిన ఉక్కును మనుషుల తలల మీదుగా మోసుకుపోతుంది. నిద్ర చాలని మనిషి చేతిలో ఆ లీవరు ఉంటే ఏమవుతుందో ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు.

నాకు అన్యాయంగా కనిపించింది వేరే సంగతి. అమ్మకు కుట్టు మిషను ఉండేది. బ్లాకులో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు దాని మీదే తయారయ్యేవి. పంజాబీ వాళ్లావిడ, ఒరియా వాళ్లావిడ, రాయపూర్ నుంచి వచ్చిన కొత్తకోడలు, అందరూ మా ముందుగదిలో కూర్చుని తలా ఒక హిందీలో మాట్లాడేవారు. మా పైవాటాలో ఉన్నవారికి కూడా షిఫ్టు డ్యూటీలే కావడంతో, ఏ వారం చూసినా పైనో కిందో ఎవరో ఒకరు పగలు పడుకునేవారు. తొక్కుడు చప్పుడు నేలగుండా గోడలకు పాకుతుందని ఒకసారి ఎవరో అన్నారు. ఆపమని ఎవరూ అనలేదు. కొద్దికొద్దిగా మిషను మీద దుప్పటి పడింది, దుప్పటి మీద పాత వార్తాపత్రికలు చేరాయి, ఏడాది తిరిగేసరికి అదొక బల్ల అయిపోయింది.

నేను బి.ఎ. రెండో ఏట ఉండగా, చలికాలంలో, అమ్మకు నిద్ర పట్టడం మానేసింది. ఏ షిఫ్టు వారమైనా అంతే. పడుకునేది, కళ్లు మూసుకునేది, కానీ ఇంట్లో ఎవరు పక్కకు తిరిగినా ఆవిడకు తెలిసిపోయేది. పగలు నిలబడినచోటే ఒక క్షణం ఆగిపోయేది. ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చారు. కొన్నాళ్లకు, అలవాటైపోతుందని డాక్టరే వాటిని ఆపేశారు. రోగమేమీ లేదనీ, కుట్టో అల్లికో ఏదైనా నెమ్మదైన చేతిపని పెట్టుకుంటే మనసు కుదుటపడుతుందనీ ఆయన హిందీలో చెప్పి, తరువాతి చీటీ అందుకున్నారు. బయట వరండాలో ఇంకా యాభై మంది నిలబడి ఉన్నారు. ఆయన సలహాలో ఎంత వైద్యం ఉందో, ఎంత తొందర ఉందో నేను తేల్చుకోలేకపోయాను.

నాన్న భయం వేరు. ఆయన అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వేసవి సెలవుల్లోగా బాగుపడకపోతే విజయనగరంలో మా మామయ్య ఇంటికి పంపించేస్తానన్నారు. అక్కడ గాలి మారుతుందని, షిఫ్టుల గోల ఉండదని ఆయన ఉద్దేశం. కోపంతో అన్న మాట కాదది. కానీ అమ్మ ఆ మాటకు బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపేసింది. మా వెనక బ్లాకులో ఒకావిడ అలాగే విశ్రాంతి కోసమని అన్నగారింటికి వెళ్లింది. రెండేళ్లయినా తిరిగి రాలేదు. ఆవిడ పిల్లలకు నాయనమ్మ వండిపెడుతోంది.

"నేను వెళ్లనే," అని ఆ సాయంత్రం అమ్మ నాతో మెల్లిగా అంది. "వెళ్తే, మళ్లీ ఎవరొకరు వచ్చి తీసుకెళ్లాలి కదా. నా అంతట నేను రాలేను."

సరిగ్గా అప్పుడే నర్సు ఆంటీ వచ్చింది. ఆవిడది నరసాపురం వైపు. అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది ఆడవాళ్లలాగే ఆవిడకూ చిన్నప్పటినుంచీ లేసు అల్లడం వచ్చు. ఇక్కడ ఆసుపత్రిలో డ్యూటీ చేసేది. ఆవిడ భర్త చరోదా రైల్వే యార్డులో గార్డు. అమ్మను వదినగారూ అని పిలిచేది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు తన ఇంటికి పంపిస్తే అమ్మకు లేసు నేర్పుతానని, ఆ పనిలో పడితే మనసు వేరే చోటికి పోదని ఆవిడ నాన్నకు చెప్పింది. నాన్న వెంటనే ఒప్పుకున్నారు. క్రోషియా సూది ఒకటి, తెల్లటి నూలుదారపు ఉండ ఒకటి ఆయనే సైకిల్ మీద వెళ్లి కొనుక్కొచ్చారు.

నాకు ఆ వేగం నచ్చలేదు. కుట్టు మిషనును దుప్పటి కింద పెట్టిన ఇల్లు, అదే మనిషి చేతికి చప్పుడు చేయని సూది ఇచ్చి దానికి వైద్యమని పేరు పెట్టింది. ఒక మనిషిని సద్దు చేయనివ్వకుండా చేసి, ఆ సద్దులేనితనంలోనే సుఖం వెతుక్కోమనడం నాకు పెద్ద మోసంగా కనిపించింది. అందులో నా భయం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అమ్మ తరువాత ఆ గడియకు గుడ్డ చుట్టేది ఎవరో నాకు తెలుసు.

అందుకని పరీక్ష మొదలుపెట్టాను. అమ్మ అల్లుతున్నది బల్లగుడ్డకు అంచు. ఒక ఆదివారం, అల్లిక ఎంతవరకు వచ్చిందో అక్కడ ఎర్రదారం ముక్క ఒకటి ముడివేశాను. పది రోజుల తరువాత చూస్తే ఆ ముడి దాటి లేసు బెత్తెడు కూడా పెరగలేదు. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు. ఎంత కొత్తగా నేర్చుకునేవారైనా ఇంత నెమ్మదిగా అల్లరు.

అంతకంటే వింత ఏమిటంటే, లేసు పెరగకపోయినా అమ్మ బాగుపడుతోంది. కళ్లకింది నలుపు తగ్గింది. కూరలో ఉప్పు సరిగ్గా పడుతోంది. ఒకరోజు బట్టలారేస్తూ ఏదో కూనిరాగం తీసింది. నాన్న అది చూసి నాతో, "చూశావా, లేసు పనిచేసింది," అన్నారు, ఆ సూదిని తానే కనిపెట్టినంత సంతోషంగా. నేను తల ఊపి, లోపల మరింత బిగుసుకున్నాను. పని జరగకుండా ఫలితం వస్తోందంటే ఫలితానికి వేరే కారణం ఉండి తీరాలి.

ఆ కారణం నాకు దొరికిందనే అనుకున్నాను. ఆంటీ నర్సు. డాక్టరు ఆపిన మాత్రలు ఆవిడ సంచిలోంచి అమ్మకు అందుతున్నాయి. దీనికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. ఆంటీ ఇంటినుంచి వచ్చినప్పుడు అమ్మ ఎడమ చెంప మీద సన్నటి ఎర్రగీతలు కనిపించేవి. అరగంటలో మాయమయ్యేవి. మందు పడక వచ్చే దద్దురు గురించి ఎక్కడో చదివాను. ఒకసారి అడిగాను కూడా. అమ్మ చెంప తడుముకుని, "చలిగాలికేమో," అంది. మా అమ్మ అబద్ధం చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల భుజం వైపు చూస్తుంది. ఆ రోజు నా భుజం వైపు చూసింది.

నేరుగా నిలదీసి ఉంటే ఎన్నో సంగతులు తప్పేవి. కానీ అదే నెలలో కాలేజీలో వాదోపవాదాల పోటీ వచ్చింది. తీర్మానం, హస్తకళలే మనశ్శాంతికి సులువైన దారి అని. ఇంత అందంగా నా చేతికి వచ్చిన అవకాశాన్ని నేను వదులుకోలేదు. వ్యతిరేకంగా మాట్లాడతానని పేరిచ్చాను.

పోటీ హిందీలో. నాకు తెలుగుకంటే అప్పట్లో హిందీయే బాగా వచ్చు. చేతిపనిలో శాంతి ఉందనేవారు ముందుగా ఆ శాంతి ఎవరికి కావాలో చెప్పాలని మొదలుపెట్టాను. పేరు చెప్పకుండా ఒక ఇంటి కథ చెప్పాను. ఆ ఇంట్లో శబ్దం చేసే యంత్రాన్ని మూసిపెట్టారు, శబ్దం చేయని సూదిని చేతికిచ్చారు, ఇంటి యజమాని నిద్రకు అడ్డురాని పనికే ఆరోగ్యకరమైన పని అని పేరు వచ్చింది అన్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. మొదటి బహుమతి నాకే వచ్చింది. ఆ హాల్లో మూడో వరుసలో నాన్న మిల్లులోనే పనిచేసే ఒకాయన కూతురు కూర్చుని ఉందని నేను గమనించినా పట్టించుకోలేదు.

వారం తిరగకుండా ఆ మాటలు మిల్లు క్యాంటీనుకు చేరాయి. ఎవరు ఎలా చెప్పారో, ఎంత కలిపారో తెలియదు. ఆ రోజు నాన్న షిఫ్టు నుంచి వచ్చి సైకిలు స్టాండు వేసి, నా వైపు చూడకుండా నేరుగా అమ్మ దగ్గరకు వెళ్లారు. గొంతు పెంచలేదు. నా నిద్ర కోసం నిన్ను రోజూ బయటికి తోలేస్తన్నానని జనం అనుకుంటన్నారు అన్నారు. రేపటినుంచి ఆ లేసు ఇక్కడే, ఇంట్లోనే అల్లుకోమన్నారు. చప్పుడు లేని పనే కదా, దానికి పరాయింటికి వెళ్లడమెందుకు అన్నారు.

అమ్మ లేసు సంచిని మేకుకు తగిలించింది. నేను పక్కగదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పినదాంట్లో తప్పు వెతికాను. నా ఉపన్యాసం ప్రకారం చూస్తే ఒక్క తప్పు కూడా లేదు.

ఆ మరుసటి వారం సి షిఫ్టు. గేటుకు పేలిక కట్టారు. అమ్మ ముందుగది గుమ్మం దగ్గర కూర్చుని, మధ్యాహ్నమంతా లేసు అల్లింది. నాన్న పడుకున్న గది తలుపు ఆవిడకు మూడడుగుల దూరంలో ఉంది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అదే భంగిమలో ఉండేది. సూది ఆడుతూనే ఉండేది. చూపు మాత్రం ఒకసారి గేటు వైపు, ఒకసారి తలుపు వైపు తిరిగేది. మూడో రోజు సంచి తీసి కొలిచాను. ఎర్రముడి దాటి లేసు జానెడు పెరిగింది. పది రోజుల్లో బెత్తెడైనా కదలనిది మూడు రోజుల్లో జానెడు.

లేసు పెరిగినకొద్దీ అమ్మ తరిగింది. నాలుగో రోజు మళ్లీ నిలబడినచోట ఆగిపోవడం మొదలైంది. ఐదో రోజు నాన్న గ్లాసు నోటికి పెట్టుకుని, దించి, టీలో ఉప్పు వేశావన్నారు. అమ్మ ఆ గ్లాసు తీసుకెళ్లి పెరట్లో పారబోసి అక్కడే నిలబడిపోయింది. నాన్న కాసేపు గోడకున్న క్యాలెండరు చూసి, సెలవు పెట్టాలని, మామయ్యకు ఉత్తరం రాయాలని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. మేమిద్దరం విన్నాం.

నాకైతే విషయం తేటతెల్లమైంది. ఆంటీ ఇంటికి వెళ్లడం ఆగింది, మాత్రలు ఆగాయి, నిద్ర ఆగింది. ఇక ఆలస్యం చేయకూడదనుకుని శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్లాను.

ఆ ఇంటి చప్పుడు వీధి మలుపు నుంచే వినిపిస్తుంది. రేడియోలో పాటలు గట్టిగా మోగుతున్నాయి. పొయ్యి మీద కుక్కరు యథేచ్ఛగా కూతలు పెడుతోంది. ఆవిడ కొడుకులిద్దరూ వరండాలో టెన్నిసు బంతిని గోడకు కొడుతూ, ఔటా కాదా అని హిందీలో దెబ్బలాడుకుంటున్నారు. ఆంటీ ఈ గోల మధ్య కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది.

నేను కూర్చోలేదు. అమ్మకు ఏ మాత్రలు ఇస్తున్నారో పేరు చెప్పమన్నాను. ఎప్పటినుంచి ఇస్తున్నారో, ఎవరినడిగి ఇస్తున్నారో కూడా చెప్పమన్నాను. ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"మాత్రలేంటమ్మాయ్?"

"చెంప మీద దద్దుర్లు నేను చూశాను ఆంటీ. లేసు పెరగలేదు. కొలిచాను."

"కొలిచావా," అంది ఆవిడ. "మీ నాన్నగారు క్రేను వదిలేసి నీకు పోలీసు ఉద్యోగం వేయించాల్సింది." ఆ తరువాత ఆవిడ ముఖం గట్టిపడింది. "ఇరవై ఏళ్ల సర్వీసమ్మా నాది. ఒక్క బిళ్ల ఇంటికి తెచ్చానని నా మీద మాట లేదు. ఇలా రా."

లోపలిగదిలో గోడవారగా ఒక ఈతచాప పరిచి ఉంది. దాని మీద దిండు కూడా లేదు.

"మీ అమ్మగారు పడుకునేది ఇక్కడే. వచ్చీ రాగానే సూది తీస్తుంది. ఒక వరసో, వరసన్నరో అల్లుతుంది. అలా అల్లుతూనే ఒరుగుతుంది. ఈ చాపే నీ దద్దుర్లు, ఆయ్. రెండు గంటలు పక్కన బాంబు పేలినా లేవదు. మా వాళ్ల బంతి ఒకసారి వచ్చి కాలికి తగిలింది. అప్పుడూ లేవలేదు."

ఇంత గోలలో ఎలా నిద్ర పడుతుందని అడిగాను. అడుగుతూనే ఆ ప్రశ్నకు జవాబు నాకు కొద్దిగా అర్థం కావడం మొదలైంది.

"ఇక్కడ ఎవరు లేస్తారోనని ఆవిడ భయపడక్కర్లేదు కదమ్మా," అంది ఆంటీ. "నేను నైటు చేసొచ్చి ఈ గోలలోనే పడుకుంటాను. మా ఇంట్లో ఎవరి నిద్ర వాళ్లదే. మొదటిరోజు నిజంగా లేసు నేర్పుదామనే పిలిచాను. రెండో వరసలో నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. లేచాక ఏడ్చింది. మీవాళ్లకు చెప్పొద్దంది."

తలుపు దాకా వచ్చి, నా చేతిలో గుప్పెడు వేరుశనగలు పోసింది. నేను క్షమాపణ చెప్పాను. సరేలే, కప్పు గెలిచిన పిల్లవి, నోరు ఊరుకుంటుందా అంది. ఆవిడకూ తెలుసన్నమాట.

ఇంటికి వచ్చేసరికి నాన్న ఇంకా లేవలేదు. అమ్మను పెరట్లోకి పిలిచి, చాప చూశానని చెప్పాను. ఇద్దరం గుసగుసగానే మాట్లాడుకున్నాం. మొదట ఆవిడ నా భుజం వైపు చూసింది. తరువాత నా ముఖం వైపు చూసింది.

"నిద్దర కోసం పరాయింటికి వెళ్తన్నానని ఎలా చెప్తానే? సొంత ఇంట్లో ఏటి లోటొచ్చిందని అడగరా?"

మరి లేసంతా నాటకమేనా అని అడిగాను. నా గొంతులో కొంచెం విజయం కూడా ఉండి ఉంటుంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ మాటల్ని నేను అప్పుడే లోపలికి వెళ్లి కాగితం మీద రాసుకున్నాను గనుక అలాగే ఇవ్వగలను.

"నాటకం కాదే. దారం లెక్కపెడతన్నప్పుడు నా చెవి చేతిలోకి వస్తాది. అక్కడైతే వచ్చింది వచ్చినట్టు ఉండిపోతాది. దాంతో నిద్దర పట్టీస్తాది. ఇక్కడ వచ్చినట్టే వచ్చి మళ్లీ మీ నాన్న మంచం దగ్గరికి పోతాది. ఈ వారం ఎంత అల్లీసానో చూశావు కదా. ఒక్క ముడి కూడా నాకు గుర్తులేదు."

ఈ మాటల ముందు నా ఉపన్యాసం ఎక్కడ నిలుస్తుందో నాకు తెలియలేదు. చేతిపని ఆవిడకు నిజంగానే మేలు చేసింది. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. నేను చెప్పిందీ అబద్ధం కాదు. మా ఇంట్లో ఆ సూది చుట్టూ ఉన్న నిశ్శబ్దం ఆవిడది కాదు, ఎవరికోసమో కాపలా కాసేది. కాపలా దిగిన చోట ఒక వరస అల్లినా చాలు. కాపలా ఉన్నచోట బారెడు అల్లినా అది ఇంకొక షిఫ్టే. దీన్ని ఏ తీర్మానానికి అనుకూలంగా చెప్పాలో, దేనికి వ్యతిరేకంగా చెప్పాలో నేను తేల్చలేదు. ఇప్పటికీ ఎవరైనా అల్లికలో శాంతి ఉందంటే, ఎక్కడ కూర్చుని అని అడగాలనిపిస్తుంది.

నాన్నకు చెప్పనని మాట ఇవ్వమంది అమ్మ. నేను ఇవ్వలేదు. నిజం తెలిసి దాచిపెట్టడం నాకు చేతకాని పని. పైగా ఆయనను దగ్గరుండి మోసం చేస్తున్నామన్న బాధ కూడా ఉంది. అన్నింటికంటే ముందు, మామయ్యకు ఉత్తరం వెళ్లిపోతుందన్న భయం ఉంది. అమ్మ నన్ను బతిమాలలేదు. నీ ఇష్టం అని అంట్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మాట నాకు ఇప్పటికీ తేలిగ్గా అనిపించదు.

సోమవారం నాన్న షిఫ్టు మారింది. పొద్దున వెళ్లి మధ్యాహ్నం రెండున్నరకు వచ్చారు. గేటు బయటే ఎదురువెళ్లి, సైకిలు పట్టుకుని మొత్తం చెప్పాను. చాప, రేడియో, బంతి, ఒక వరస, వరసన్నర. డిబేట్‌లో చెప్పినట్టు చెప్పకూడదని జాగ్రత్తపడ్డాను, అయినా కొంత అలాగే వచ్చింది.

ఆయన సీటు మీద దుమ్ము చేత్తో తుడుస్తూ విన్నారు. దుమ్ము పోయిన తరువాత కూడా తుడిచారు.

"రోజూ ఎంతసేపు పడుకుంటది?"

"రెండు గంటలు."

"పాటలు గట్టిగా పెడతారా?"

"వీధి చివరికి వినిపిస్తాయి."

మిల్లులో ఆయన చెవుల్లో దూది పెట్టుకుని పనిచేస్తారు. ఇంటికొచ్చి పడుకుంటే కాకి అరిచినా లేస్తారని అమ్మా నేనూ ఎప్పటినుంచో నమ్మాం. అది నిజమో కాదో ఎవరూ పరీక్షించలేదని నాకు ఆ క్షణంలో తట్టింది. అడగబోయాను. ఆయన ముఖం చూసి ఆగాను.

"నాకు చెప్పినట్టు అమ్మకి తెలియనీకు," అన్నారు.

ఎందుకు తెలియకూడదని అడిగాను. తెలిస్తే అందరం నిజంలో ఉంటాం కదా అన్నాను.

"నువ్వు అడిగేవన్నీ గెలవడానికే అడుగుతావేటమ్మా?" అన్నారు నాన్న, కోపం లేకుండానే. సైకిలు నా చేతిలోంచి తీసుకుని లోపలికి నడిపించుకుపోయారు.

మర్నాడు భోజనం చేసి ఆయన నడుం వాల్చారు. అమ్మ యథాప్రకారం గుమ్మం దగ్గర లేసు పట్టుకుని కూర్చుంది. పది నిమిషాలైనా కాలేదు, నాన్న లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. లుంగీ సర్దుకుని, గొంతు సవరించుకుని, కొంచెం విసుగు తెచ్చుకున్నారు.

"ఆ సూది చప్పుడుకి నిద్దర పట్టటం లేదు. ఆ నర్సమ్మ గారింటికే వెళ్లి అల్లుకో."

అమ్మ ఆయనను చూసింది. తరువాత చేతిలోని సూదిని చూసింది. పెన్సిలు కంటే సన్నటి సూది, కొసన చిన్న కొక్కెం, దానికి తగులుకుని నూలుదారం. లేసును జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకునేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"దీనికి చప్పుడుంటాదేటే?" అని అడిగింది నన్ను.

నాకు వినిపించలేదన్నాను.

"నాకూ వినిపించలేదు," అంది. నా ముఖంలో ఏమి వెతికిందో, ఏమి దొరికిందో తెలియదు. గేటు తీసుకుని వెళ్లిపోయింది.

మామయ్యకు ఉత్తరం సంగతి నాన్న మళ్లీ ఎత్తలేదు. ఆ వేసవిలో విజయనగరానికి ఎవరమూ వెళ్లలేదు. ఇంట్లో ముగ్గురికీ తెలిసిన విషయాన్ని ముగ్గురమూ దాచిపెట్టుకుని తిరిగాం. అది సరైనదేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. సరైనదని గట్టిగా చెప్పడానికి ఇప్పటికీ సిద్ధంగా లేను. ఒక నిజాన్ని పైకి అనకుండానే ఒక మనిషికి నిద్ర తెచ్చిపెట్టగలిగాం. అలా అనకపోవడం వల్లే ఆ నిద్ర చివరిదాకా దొంగనిద్రగానే మిగిలింది. ఈ రెండూ నిజాలే.

తరువాతి సి షిఫ్టు వారంలో నేను కాలేజీలో ఆఖరి పీరియడు వదిలేసి ముందే ఇంటికొచ్చేదాన్ని. అమ్మ వెళ్లేది, నేను ఆ గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. అంతకుముందు ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. మొదటి పావుగంటలోనే వీధిలో తిరిగే ప్రతి చక్రమూ నా మెడ మీద తిరుగుతున్నట్టు అనిపించింది. పుస్తకం తెరిచాను గాని ఒక పేజీ కూడా సాగలేదు.

రెండో రోజు, మూడు కావస్తుండగా, లోపల మంచం కిర్రుమంది. నాన్న లేచారనుకున్నాను. లేస్తే టీ కావాలి. టీ అంటే అమ్మను పిలుచుకురావాలి, ఆయనకు నా చేతి టీ నచ్చదు. తలుపు సందులోంచి చూశాను. ఆయన వెల్లకిలా పడుకుని, కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నారు. పూర్తిగా మేలుకునే ఉన్నారు. నా నీడ తలుపు మీద పడగానే కళ్లు మూసుకుని, గోడవైపు తిరిగి, నిద్రపోయే మనిషిలా ఊపిరి బరువుగా తీయడం మొదలుపెట్టారు.

నేను వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను. మూడు దాటింది, మూడున్నర దాటింది. అమ్మ గేటు తీసి లోపలికి వచ్చేదాకా ఆయన లేవలేదు.